ఏడో ఇన్నింగ్స్ పాట

బాల్టిమోర్‌లో బేస్‌బాల్ ఆట ఏడో ఇన్నింగ్స్ సగానికి వచ్చిందంటే జనం లేచి నిలబడతారు. అమెరికాలో ఏ మైదానంలోనైనా ఇదే ఆనవాయితీ. కూర్చుని కూర్చుని పట్టేసిన కాళ్ళు చాపుకోవడానికి కాసేపు విరామం. మిగతా ఊళ్ళలో ఆ టైంలో బేస్‌బాల్ మీదే ఉన్న పాత పాటొకటి పాడుకుని కూర్చుంటారు. బాల్టిమోర్ వాళ్ళు అదీ పాడతారు గానీ అంతటితో కూర్చోరు. చప్పట్లు మొదలవుతాయి, స్పీకర్లలోంచి అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్ గొంతు దూసుకొస్తుంది, వెనకే ఫిడేలు అందుకుంటుంది. 'థాంక్ గాడ్ ఐయామ్ ఎ కంట్రీ బాయ్'. దేవుడి దయవల్ల నేను పల్లెటూరివాణ్ణి అని స్టేడియం స్టేడియమంతా అరుస్తుంది. ఓరియోల్ అనే పిట్ట పేరు పెట్టుకున్న అక్కడి ఓరియోల్స్ జట్టు 1975 నుంచి ఈ పాట పెడుతోంది. మొదట్లో 33వ వీధిలో ఉన్న మెమోరియల్ స్టేడియంలో, 1992 నుంచి నడిబొడ్డున కట్టిన క్యామ్‌డెన్ యార్డ్స్‌లో.

నేను ఆ పాట మొదటిసారి విన్నది 1999 వేసవిలో. వైటూకే, అంటే 2000 రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న భయం, దాని పుణ్యమా అని విమానం ఎక్కిన తెలుగువాళ్ళలో నేనూ ఒకణ్ణి. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలు ఎక్కడున్నాయో వెతికి నాలుగంకెలు చేయడం మా పని. మా టీమ్ లీడు బాల్టిమోర్ ఉన్న మేరీలాండ్ రాష్ట్రంలోనే కారల్ కౌంటీ మనిషి. మాట చాలా మెత్తన. మీటింగుల్లో ఆయన ఏమన్నాడో పక్కవాణ్ణి అడిగి తెలుసుకోవాల్సి వచ్చేది. ఒక శుక్రవారం సాయంత్రం కొత్తగా వచ్చిన మా బ్యాచ్‌ని ఆటకు తీసుకెళ్ళాడు.

ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు. క్రికెట్ కళ్ళతో చూస్తే బేస్‌బాల్ మహా విసుగు. గంటన్నర గడిచినా స్కోరు రెండో మూడో ఉంటుంది. మేం వేయించిన వేరుశనక్కాయలు ఒలుచుకు తింటూ, తొక్కలు కాళ్ళ కిందే పడేస్తూ కూర్చున్నాం. అక్కడ అలా పడేస్తే ఎవరూ ఏమీ అనరు. అమెరికాలో నాకు మొట్టమొదట నచ్చిన సంగతి అదేననుకుంటా.

ఏడో ఇన్నింగ్స్‌లో ఆ పాట మొదలైంది. మా లీడు కుర్చీ మీదికెక్కాడు. ఆఫీసులో గొంతు పెగలని మనిషి, మెడ నరాలు ఉబ్బేలా అరుస్తూ, టోపీ తీసి తిప్పుతూ పాడుతున్నాడు. ముందు వరసలో టై కట్టుకున్న నడివయసాయన, ఆయన పక్కన ముసలావిడ చేతులు పట్టుకుని గంతులేస్తున్నారు. ఒకావిడ బీరు గ్లాసు తలమీద పెట్టుకుని తిరుగుతోంది. మూడు నిమిషాలు. పాట అయిపోయింది, అందరూ ఏమీ జరగనట్టు కూర్చున్నారు. మా లీడు గ్లాసులో ఐసు కదుపుతూ మళ్ళీ మెత్తగా, 'ఇప్పుడొచ్చేవాడు ఎడమచేతి వాటం' అని వివరించడం మొదలుపెట్టాడు.

పాట మాటలు చెప్పమని అడిగితే కారులో ఇంటికి వెళ్తూ చెప్పాడు. విని నేను నిజంగా బిత్తరపోయాను. ఇంతమంది పట్నంవాళ్ళు, ఇంత పెద్ద ఊళ్ళో, డబ్బులిచ్చి టికెట్ కొనుక్కుని వచ్చి, మేం పల్లెటూరివాళ్ళం అని ఇంత సంబరంగా అరవడమా?

మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర ఒక ఊరు. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో ఎవరడిగినా 'ఒంగోలు' అనేవాణ్ణి. నేనే కాదు, మా వైపు వాళ్ళందరిదీ అదే తంతు. కందుకూరు వాడిదీ ఒంగోలే, కనిగిరి వాడిదీ ఒంగోలే. ఆ లెక్కన ఒంగోలు జనాభా ఒంగోలులో కంటే అమీర్‌పేటలోనే ఎక్కువ ఉండాలి. హాస్టల్లో నోరు జారి 'ఎట్టొచ్చిద్ది' అన్నామంటే రెండు రోజులు అదే మాట తిప్పి తిప్పి అనేవాళ్ళు. 'ఎర్రబస్సెక్కి వచ్చాడ్రా' అనేది మామూలు వెక్కిరింత. నేను నిజంగానే ఎర్రబస్సెక్కి వచ్చాను. విమానాశ్రయం లేని జిల్లా నుంచి మనిషి ఇంకెట్లా వస్తాడో వాళ్ళెవరూ చెప్పలేదు. మెల్లగా యాస సర్దుకుంది. సెలవులకి ఇంటికెళ్తే మా నాయనమ్మ 'వీడేంది, రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడతన్నాడు' అనేది.

అందుకే ఆ పాట నన్ను పట్టుకుంది. క్యాసెట్ కొన్నాను. ఆ రోజుల్లో కారులో ఇంకా క్యాసెట్లే. ఆఫీసుకు వెళ్తూ వస్తూ అరగదీశాను.

పాటలో కథంటూ ఏమీ లేదు. పొద్దున్నే లేవడం, పగలంతా పొలం పని, పనయ్యాక ఫిడేలు, పొయ్యి మీద రొట్టెలు, ఇంట్లో ఇల్లాలు. డబ్బున్న వాళ్ళ షోకులు నాకొద్దు అంటాడు. మధ్యలో 'శాలీ గూడిన్' అనే పాత ఫిడేలు బాణీ పేరొస్తుంది. అది మన జానపదాలకు మల్లే ఎవరు కట్టారో తెలియని బాణీ. ఎక్ రాబర్ట్‌సన్ అనే టెక్సస్ ఫిడేలు విద్వాంసుడు 1922లో న్యూయార్క్ వెళ్ళి దాన్ని రికార్డు చేశాడు. అమెరికా పల్లెపాటల్లోంచి పుట్టిన కంట్రీ సంగీతంలో తొలి రికార్డుల్లో అదొకటని చెప్తారు. ఇక చివరి చరణంలో, తను వాయించే ఫిడేలు తన తండ్రిదని, ఆయన పోయేదాకా ఆయన చేతిలోనే ఉండేదని చెప్తాడు. అక్కడ కూడా పాట ఆగి కళ్ళు తుడుచుకోదు. అదే ఊపులో ముందుకెళ్ళిపోతుంది. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. మన సినిమాల్లో పల్లె మీద పాటంటే ఏడిపించేదన్నా అయ్యుండాలి, పల్లెను దేవతను చేసి హారతిచ్చేదన్నా అయ్యుండాలి. 'మాది పల్లెటూరు, భలే ఉంటుంది, రండి గంతులేద్దాం' అనే పాటలు తక్కువ.

తర్వాత తర్వాత ఆ పాట వెనక సంగతులు చదివాను. రాసింది జాన్ డెన్వర్ కాదు. ఆయన బృందంలో వాయించే జాన్ మార్టిన్ సోమర్స్. 1973 డిసెంబర్ 31న కొలరాడోలోని యాస్పెన్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు కారులో వెళ్తూ రాశాడట. 1974లో 'బ్యాక్ హోమ్ ఎగెన్' ఆల్బంలో వచ్చింది. కానీ ఊపేసింది ఆ స్టూడియో పాట కాదు. అదే ఏడాది ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో జనం మధ్య పాడింది. అందులో చప్పట్లు కూడా వాయిద్యమే. ఆ లైవ్ పాటను 1975లో సింగిల్‌గా వదిలితే మే 31న కంట్రీ పాటల జాబితాలో, జూన్ 7న మొత్తం పాటల జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళింది.

ఇక పాడినాయన సంగతి. జాన్ డెన్వర్ అసలు పేరు హెన్రీ జాన్ డాయిషెండార్ఫ్. పుట్టింది న్యూ మెక్సికోలోని రాస్‌వెల్‌లో, 1943లో. తండ్రి ఎయిర్‌ఫోర్స్ పైలట్. బదిలీల మీద ఊరూరా తిరిగి పెరిగిన పిల్లాడు. పొలం లేదు, పుట్లు లేవు. నాయనమ్మో అమ్మమ్మో ఇచ్చిన పాత గిబ్సన్ గిటారుంది, అంతే. చివరికి ఇంటిపేరు కూడా ఒక పట్నానిదే పెట్టుకున్నాడు. అసలు సిసలు కంట్రీ వాళ్ళకు ఈయనంటే కొంచెం చిరాకే. 1975లోనే కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఈయనకు ఆ ఏటి మేటి కళాకారుడు అవార్డు ఇచ్చింది. అంతకుముందు ఏడు గెలిచిన చార్లీ రిచ్ వేదికెక్కి కవరు విప్పి, పేరు చూసి, లైటర్ తీసి ఆ కాగితాన్ని అంటించాడు. టీవీలో అందరూ చూస్తుండగానే. మందు మాత్రల మత్తు అన్నవాళ్ళున్నారు, కావాలనే చేశాడన్నవాళ్ళున్నారు. డెన్వర్ ఆ టైంలో ఆస్ట్రేలియాలో ఉండి ఉపగ్రహం ద్వారా మాట్లాడుతున్నాడు, కాగితం కాలిన సంగతి ఆయనకు కనపడనే లేదు.

ఇది చదివినప్పుడు నాకు కోపం రాలేదు సరే, నవ్వొచ్చింది. మా ఊళ్ళో హరిశ్చంద్ర నాటకం వేసే ఆయన జన్మలో నిజం చెప్పి ఎరుగడు. కాటి సీనులో పద్యం ఎత్తుకుంటే మాత్రం ఊరు ఊరంతా నోరెళ్ళబెట్టి వినేది. పాడేవాడికి పొలం ఉందా లేదా అని పాట అడగదు.

బాల్టిమోర్ వాళ్ళు కూడా అడగలేదు. 1983లో వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఫైనల్ పోటీలు, జరిగినప్పుడు డెన్వర్ ఆ ఊరొచ్చి, ఆటగాళ్ళు కూర్చునే డగౌట్ కప్పు మీదికెక్కి జనంతో కలిసి పాడాడు. 1997లో చనిపోవడానికి కొద్ది వారాల ముందు కూడా క్యామ్‌డెన్ యార్డ్స్‌లో అలాగే ఎక్కి గంతులేశాడు. ఆ అక్టోబర్ 12న కాలిఫోర్నియాలో మాంటెరీ బే మీద తన చిన్న విమానం తనే నడుపుతూ కూలి పోయాడు. నేను వచ్చేసరికి మనిషి లేడు, పాటే ఉంది.

ఆ పాట నన్ను పట్టుకోవడం వెనక ఇంకో సంగతి ఉంది, మా ఇంటి పొగాకు సేద్యం. 2000వ సంవత్సరంలో నేను ఆఫీసు పనిమీద దక్షిణ మేరీలాండ్ వైపు, చార్ల్స్ కౌంటీకి వెళ్ళాల్సి వచ్చింది. రోడ్డుకు రెండు వైపులా పాత చెక్క కొట్టాలు. పెద్దవి, ఎత్తైనవి, రంగు వెలిసి బూడిదరంగుకు తిరిగినవి. చూడగానే తెలిసిపోయింది. గోడ పలకల్లో ఒకటి విడిచి ఒకటి తలుపుల్లా తెరుచుకుని ఉన్నాయి. గాలి ఆడటానికి. లోపల వరసలు వరసలుగా దూలాలు. ఆకు వేలాడదీయడానికి. ఇది పొగాకు ఆరబెట్టే బ్యారనే! మా ఇంటి వెనక ఉన్నదానికి వేలు విడిచిన చుట్టం.

మా వైపు బ్యారన్ తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మాది వర్జీనియా పొగాకు. పచ్చాకు రెలిచి తెచ్చి, నీడన కూర్చుని కర్రలకు అల్లి, ఆ కర్రల్ని బ్యారన్లో అంతస్తులుగా ఎక్కిస్తారు. తలుపు మూసి, బయట పొయ్యిలో మొద్దులు పెడితే లోపల నేలమీద పరిచిన రేకు గొట్టాల్లోంచి వేడి పోతుంది, పొగ మాత్రం ఆకుకు తగలదు. మొదటి రెండు రోజులు 95, 100 డిగ్రీల దగ్గర ఉంచి ఆకును పసుపుకు తిప్పాలి. తర్వాత మెల్లగా పెంచుకుంటూ చివర్లో ఈనె ఎండటానికి 160 దాకా తీసుకెళ్ళాలి. ఫారెన్‌హీట్ లెక్క అది. మా ఊళ్ళో చదువు రాని వాళ్ళు కూడా ఫారెన్‌హీట్‌లోనే మాట్లాడేవాళ్ళు. గోడకున్న చిన్న అద్దంలోంచి టార్చిలైటు వేసి లోపల వేలాడే థర్మామీటర్ చూడాలి. రాత్రి పన్నెండింటికి, మళ్ళీ రెండింటికి, మళ్ళీ తెల్లవారుజామున. కునుకు పట్టి వేడి పెరిగిందా, బంగారం రంగు రావాల్సిన ఆకు గోధుమరంగుకు తిరిగిపోయేది. ఒక్కోసారి ఎండాకు గొట్టం మీద రాలి బ్యారన్ మొత్తం అంటుకునేది. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే అంత టెన్షన్ పడేవాళ్ళు కాదు మా నాన్న.

మేరీలాండ్‌లో పద్ధతి వేరు. వీళ్ళది గాలికి ఆరే పొగాకు. మొక్కను మొదలంటా నరికి, కర్రకు గుచ్చి, పొయ్యి గియ్యి లేకుండా నెలల తరబడి అలా వేలాడదీస్తారు. 1600ల నుంచి అక్కడ ఇదే పంట, ఒకప్పుడు పన్నులు, జీతాలు కూడా పొగాకులోనే కట్టేవాళ్ళు. నేను వెళ్ళిన ఆ రోజుల్లోనే దానికి మంగళం పాడుతున్నారు. కోర్టు కేసుల్లో రాజీపడి సిగరెట్ కంపెనీలు కట్టిన సెటిల్‌మెంట్ డబ్బుతో మేరీలాండ్ ప్రభుత్వం రైతులకు ఒక బేరం పెట్టింది. పొగాకు వేయడం మానండి, వ్యవసాయంలోనే ఉండండి, మీరు పండించే పొగాకు లెక్కగట్టి పౌనుకు డాలరు చొప్పున పదేళ్ళపాటు ఇస్తాం అని. ఎక్కువమంది ఒప్పుకున్నారు. కొట్టాలు ఖాళీ అయ్యాయి. 2004లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ వాళ్ళు, దేశంలో అంతరించిపోయే ప్రమాదమున్న చారిత్రక కట్టడాల్లో ఈ పొగాకు కొట్టాలనూ చేర్చారు.

చిత్రమేమిటంటే సరిగ్గా ఆ 2000-01 సీజన్‌లోనే మా దగ్గర టొబాకో బోర్డు పంట విరామం ప్రకటించింది. నిల్వలు పేరుకుపోయాయని ఆంధ్రలో వర్జీనియా పొగాకు ఆ ఏటికి వేయొద్దంది. ఫోన్లో నాన్న 'ఈ ఏడు బ్యారన్ పొయ్యి వెలగదురా, శనగ వేస్తన్నా' అన్నాడు. నేను ఇక్కడి కొట్టాల సంగతి చెప్తే అవతల కాసేపు చప్పుడు లేదు. 'పౌనుకు డాలరా? పదేళ్ళా?' అన్నాడు. తర్వాత వారం ఫోన్ చేసినప్పుడు కూడా పలకరింపుల కన్నా ముందు అదే అడిగాడు, 'ఆ డాలరు సంగతి నిజమేనా' అని.

అమ్మా నాన్నా 2004 వేసవిలో వచ్చారు. అందరి తల్లిదండ్రుల్నీ నయాగరా తీసుకెళ్తారు, నేనూ తీసుకెళ్ళాను. నాన్నకు అది పెద్దగా ఆనలేదు, 'నీళ్ళన్నీ వృథాగా పోతన్నయ్యే' అన్నాడు. ఆయన ముచ్చటపడింది మాత్రం సెయింట్ మేరీస్ కౌంటీలో. అక్కడ ఆమిష్ రైతులు, అంటే కార్లూ కరెంటూ వద్దని పాతకాలపు పద్ధతిలో బతికే క్రైస్తవ శాఖవాళ్ళు, చాలామంది ప్రభుత్వ డబ్బు ముట్టుకోం అని ఆ బేరానికి ఒప్పుకోలేదు. అందుకని వాళ్ళ పొలాల్లో అప్పటికింకా పొగాకు ఉండేది. గుర్రపు బండి పక్కన నిలబడ్డ ఒక గడ్డమాయనను నేను పలకరించి, మా నాన్నది కూడా పొగాకు సేద్యమే, ఇండియాలో అని చెప్పాను. ఆయన మారు మాట్లాడకుండా కొట్టం తలుపు తీశాడు.

నాన్న లోపలికి వెళ్ళి నేరుగా ఒక ఆకును పట్టుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి, ఈనె విరిచి చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వేలం కేంద్రంలో కొనేవాళ్ళు బేలు ముందు నిలబడి చేసే పని అది. మా దగ్గర 1985లో వేలాలు మొదలైనప్పటి నుంచి నాన్న వాళ్ళను చూస్తూ నేర్చుకున్నాడు. ఆమిష్ ఆయన కూడా ఇంకో ఆకు తీసుకుని అలాగే నలిపాడు. ఇద్దరికీ భాష లేదు. 'పొయ్యి లేకుండా ఆకు ఎట్టా పండిద్దో అడుగు' అన్నాడు నాన్న. నేను అడిగాను. ఆయన వేలు పైకి చూపించి 'గాలి' అన్నాడు. నాన్న 'మరి వాన పడితే?' అన్నాడు. ఆయన నవ్వి, పలకలు మూసే కొక్కెం చూపించాడు. తిరిగి వస్తుంటే నాన్న, 'ఆకు పలచన. మన ఆకు ముందు నిలవదు. కానీ మనిషి పనిమంతుడు' అని తీర్పిచ్చాడు.

ఆ వారమే ఆటకు తీసుకెళ్ళాను. వేరుశనక్కాయలు ఆయనకీ నచ్చాయి గానీ వేపు సరిగ్గా లేదన్నాడు. ఏడో ఇన్నింగ్స్ పాట వచ్చింది. జనం లేచారు. అమ్మ బిత్తరపోయి చూస్తోంది. నాన్న కూర్చునే, చుట్టూ చూస్తూ, పాట ఏంటని అడిగాడు. చెప్పాను. ఆయన ఆ గంతులన్నీ ఒకసారి కలయజూసి, 'వీళ్ళల్లో సేద్యం చేసేవాడు ఒక్కడన్నా ఉన్నాడంటావా?' అన్నాడు.

పక్కనే మా పాత లీడు ఉన్నాడు. ఆయన కథ నాకప్పటికి తెలుసు. 1986లో అమెరికా ప్రభుత్వం పాలు ఎక్కువైపోయాయని రైతుల దగ్గర మందలకు మందలే కొనేసిన పథకంలో వాళ్ళ నాన్న కూడా ఆవులన్నీ ఇచ్చేశాడు. పొలంలో ఇప్పుడు ఇళ్ళున్నాయి. ఆ సంగతి నాన్నకు చెప్తే, 'అందుకే అంత గట్టిగా పాడతన్నాడు. ఉన్నోడికి పాడే తీరిక యాడుంటది?' అన్నాడు.

ఆ మాట బాగానే ఉంది గానీ నేను పూర్తిగా ఒప్పుకోను. పాడే తీరిక లేనిది నాన్నకే. బ్యారన్ పక్కన పందిరి కింద ఆకు అల్లే ఆడవాళ్ళు పొద్దస్తమానం పాడేవాళ్ళు. ఒకామె రెండేసి ఆకులు అందిస్తుంటే ఇంకొకామె కర్రకు దారంతో ఇటొకటి అటొకటి మెలేస్తూ పోయేది. చేతులు నల్లగా జిగురుపట్టి, అన్నం తినేముందు టమోటాతో రుద్దితే గానీ వదిలేది కాదు. ఆ పనిలో వాళ్ళు పాడినవి ఏడుపు పాటలు కాదు. సరసాలు, వెక్కిరింతలు. వదిన మీద, కొత్తల్లుడి మీద, లెక్కరాసే గుమస్తా మీద. నేను బడి నుంచి వచ్చి అటు వెళ్తే అప్పటికప్పుడు నా పేరు పెట్టి ఒక చరణం కట్టేవాళ్ళు, నేను సిగ్గుతో పారిపోయేవాణ్ణి. ఆ బ్యారన్ మాది. పాటలు మాత్రం వాళ్ళవి. వాళ్ళలో ఒకామె కొడుకు ఇప్పుడు హైదరాబాద్‌లో మంచి ఉద్యోగంలో ఉన్నాడు, అప్పుడప్పుడు ఫోన్లో మాట్లాడుకుంటాం. నేను ఒకసారి ఈ ఏడో ఇన్నింగ్స్ పాట గురించి ఉత్సాహంగా చెప్తే అంతా విని, 'ఊరంటే నీకున్నంత ముచ్చట నాకు లేదన్నా. మా అమ్మ చేతులు నాకింకా గుర్తే' అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. పాట వింటున్నప్పుడు ఆ మాట కూడా వినపడుతుంది, చప్పట్లు కొట్టడం మాత్రం మానలేదు.

ఓరియోల్స్ సంగతి కూడా కొంచెం చెప్పాలి. నేను చూడటం మొదలుపెట్టిన నాటికే వాళ్ళకు శని పట్టింది. 1998 నుంచి 2011 దాకా వరసగా పద్నాలుగు సీజన్లు గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. 2018లో అయితే 115 ఆటలు ఓడారు. మూడొంతులు ఖాళీగా ఉన్న స్టేడియంలో, ఎనిమిది పరుగులు వెనకబడి ఉన్నా సరే, ఏడో ఇన్నింగ్స్ వచ్చేసరికి ఉన్న ఆ కొద్దిమందీ లేచి గంతులేసేవాళ్ళు. నన్నడిగితే ఆ పాట అసలు అందం అలాంటి రోజుల్లోనే. గెలిచే రోజు ఎవడైనా పాడతాడు. 2012లో ఎట్టకేలకు ప్లేఆఫ్స్‌కి వెళ్ళినప్పుడు నాన్న ఫోన్ చేసి, 'మీ పిట్టలు గట్టెక్కినయ్యంటగా' అన్నాడు. ఆయన నెట్‌లో చూసుకుంటాడు, ఆట మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు.

మా తెలుగువాళ్ళ కార్తీక వనభోజనాలు ఒకసారి సెనెకా క్రీక్ పార్కులో పెట్టుకున్నాం. గేథర్స్‌బర్గ్ దగ్గర, క్లాపర్ రోడ్డు మీద. జాన్ డెన్వర్ ఇంకో పెద్ద పాట, 1971లో వచ్చిన 'టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్', పుట్టింది ఈ రోడ్డు మీదే. బిల్ డానాఫ్, ట్యాఫీ నివర్ట్ అనే జంట చుట్టాల కలయికకు కారులో వెళ్తూ ఇక్కడే అందుకున్నారు. పాటేమో వెస్ట్ వర్జీనియా గురించి. 2014లో ఆ రాష్ట్రం దాన్ని రాష్ట్ర గీతాల్లో చేర్చుకుంది కూడా. ఇప్పుడు క్లాపర్ రోడ్డు పొడుగునా అపార్ట్‌మెంట్లు, టౌన్‌హౌస్‌లు, సగం ఇళ్ళ గుమ్మాలకు మామిడి తోరణాలు. ప్లాస్టిక్‌వి లెండి. పులిహోర తింటూ నేనీ సంగతి చెప్తే, గుంటూరు వైపు పెద్దాయన ఒకాయన 'అయితే ఇది పాటల తల్లి వేరన్నమాట' అని రోడ్డు వైపు దణ్ణం పెట్టాడు. ఎగతాళో భక్తో తెలియలేదు.

మా అమ్మాయి కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. నేల మీద బాసిపట్లు వేసుకుని, వయొలిన్ తల పాదం మీద ఆనించి వాయిస్తుంది. స్కూల్లో ఆర్కెస్ట్రాకి మాత్రం గడ్డం కింద పెట్టుకుంటుంది. పోయిన ఏడు నాకు చెప్పకుండా 'శాలీ గూడిన్' బాణీ నేర్చుకుంది. చూస్తే చిన్నదే, రెండు ముక్కల బాణీ. అదే మళ్ళీ మళ్ళీ, ప్రతిసారీ ఏదో ఒకటి మార్చి వాయించాలి. బౌ మీద చేయి ఆగకూడదు. మా ఆవిడ కంజిర లాంటిదేదో దొరక్క స్టీలు డబ్బా అందుకుంది. ఆదివారం వీడియో కాల్‌లో తాతయ్యకు వినిపించింది.

నాన్న ఫోన్ గోడకు ఆనించి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని మొత్తం విన్నాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన చెక్కభజన బృందంలో ఉండేవాడు. చెక్కలు ఇంకా దూలం మీద ఉన్నాయి.

'బాగుంది తల్లీ' అన్నాడు. 'కానీ రెండోసారి తిప్పావు చూడు, ఆ చోట గంతు పడాల. నువ్వు కూర్చుని వాయిస్తే ఎట్టా?'

'ఎలా తాతయ్యా?' అంది.

'ఇట్టా' అని ఆయన లేచి, పంచె ఎగ్గట్టి, ఎడమకాలు ముందుకేసి తిరగబోయాడు. అంతలో వంటింట్లోంచి అమ్మ గరిటె పట్టుకునే వచ్చింది. 'ఆ మోకాలికి మొన్ననే గదా ఆరువేలు పోసి ఇంజెక్షన్ చేయించింది! పిల్ల అడగటమూ సరిపోయింది, మీరు ఎగరటమూ సరిపోయింది' అంటూ ఫోన్ తన వైపు తిప్పుకుని, 'అది ఆపి, మీరు అన్నాలు తిన్నారా లేదా ముందు చెప్పండి' అంది.